లేబుల్ పెట్టండి, కంచం జోలికి రాకండి

శనగపిండి జారుగా కలిపి, టమాటా ముక్కలు వేసి పెనం మీద పోస్తే దాన్ని టమాటా ఆమ్లెట్ అంటాం. అందులో గుడ్డు లేదేమిటని హోటల్‌వాడితో గొడవపడినవాళ్లను నేనింతవరకు చూడలేదు. కొబ్బరి పాలు ఏ గేదె ఇచ్చిందని కూడా ఎవరూ అడగరు. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి మాత్రం ఇలాంటి పేర్ల మీద ఒక చట్టమే కావాల్సి వచ్చింది. గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ 2024 మేలో సంతకం చేశారు, జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టంలో రెండు సగాలున్నాయి. మొదటిది లేబుల్. మొక్కల నుంచో, పురుగుల నుంచో, ల్యాబ్‌లో కణాలు పెంచో చేసిన సరుకును మాంసం పేరుతో గానీ గుడ్డు పేరుతో గానీ అమ్మితే ‘మాంసం లేనిది’, ‘వీగన్’, ‘ల్యాబ్‌లో పెంచినది’ లాంటి మాట ఏదో ఒకటి ప్యాకెట్ మీద కనిపించాలి. దీంతో నాకు పేచీ లేదు. ఆ కంపెనీలు ఆ మాటను ఎలాగూ పెద్దక్షరాల్లోనే వేసుకుంటాయి, వాళ్ల బేరం నడిచేదే దాని మీద. ‘జస్ట్ ఎగ్’ అనే సీసా సరుకు పెసలతో చేస్తారు, మన పెసరట్టుకు దూరపు చుట్టం. కోడి పెట్టలేదని చెప్పుకోవడమే దానికి ప్రచారం.

అసలు కథ రెండో సగంలో ఉంది. బడులు, కమ్యూనిటీ కాలేజీలు, ప్రభుత్వ యూనివర్సిటీలు ల్యాబ్ మాంసం కొనకూడదు, లేబుల్ సరిగా లేని సరుకూ కొనకూడదు. పేదలకు సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం కార్డు ఇచ్చే ఫుడ్ స్టాంపుల్లో గానీ, గర్భిణులకూ బాలింతలకూ అయిదేళ్ల లోపు పిల్లలకూ తిండి సాయం చేసే ‘విక్’ పథకంలో గానీ గుడ్డు ప్రత్యామ్నాయాలను కేంద్రం అనుమతిస్తే, మా రాష్ట్రానికి అవి వద్దు, మినహాయింపు ఇవ్వండి అని అయోవా అర్జీ పెట్టాలి.

ఈ రెండో సగం ఎవరికి తగులుతుందో చూడండి. జేబులో డబ్బున్నవాడు అయోవా రాజధాని డెమాయిన్ సూపర్ మార్కెట్లో పెసల గుడ్డు సీసా ఎన్నయినా కొనుక్కోవచ్చు. గుడ్డు పడక ఒళ్లంతా దద్దుర్లు తేలే పసిపిల్లాడి తల్లి, చేతిలో ఉన్నది ప్రభుత్వ కార్డు అయితే, ఆ అర్జీ నెగ్గిందంటే కొనకూడదు. సరుకు ఒకటే, షాపు ఒకటే, లేబుల్ కూడా ఒకటే. లేబుల్ సరిగా ఉన్నాక ఇంక మోసపోయేదెవరు? అంటే ఇక్కడ మోసం గొడవే లేదు.

మరి ఏం గొడవ? గుడ్ల ఉత్పత్తిలోనూ పందుల పెంపకంలోనూ అమెరికాలో అయోవాదే మొదటి స్థానం. మనుషులు 32 లక్షలు, పందులు 2 కోట్లకు పైనే. అలాంటి చోట గుడ్ల వ్యాపారుల మాట అసెంబ్లీలో ఎంత చెల్లుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. 2018లో ఇదే రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. విక్ పథకం కింద సరుకులిచ్చే దుకాణాలు పంజరంలో పెట్టకుండా పెంచిన కోళ్ల గుడ్లు అమ్మితే, మామూలు గుడ్లూ తప్పకుండా అమ్మాలట. పేదలకు చౌక గుడ్డు దొరకాలి కదా, ఎంపిక ఉండాలి కదా అన్నారు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ పేదల ఎంపికనే కత్తిరించడానికి బయల్దేరారు. అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒక్కటే, కోళ్ల షెడ్ల యజమానుల లాభం.

పోనీ కోడిగుడ్డే నమ్మకమైన సరుకు అందామా? 2015 బర్డ్ ఫ్లూలో ఒక్క అయోవాలోనే 3 కోట్లకు పైగా కోళ్లు పోయాయి. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు ఎక్కి రికార్డు కొట్టింది. అలాంటి రోజుల్లో రెండో దారి తెరిచి ఉంచుకోవాలా, మూసుకోవాలా?

పన్నుల డబ్బు స్థానిక రైతుకే చేరాలి, కొత్త సరుకును పిల్లల మీద ప్రయోగించకూడదు అనే వాదన ఉంది. ప్రయోగం సంగతంటారా, ల్యాబ్ కోడిమాంసం అమ్మకానికి అమెరికా వ్యవసాయ శాఖ 2023 జూన్‌లోనే అనుమతి ఇచ్చింది. అప్పుడు అనుమతి పొందిన రెండు కంపెనీల్లో ఒకటైన అప్‌సైడ్ ఫుడ్స్‌ను నడిపేది మన విజయవాడలో పెరిగిన గుండె డాక్టర్ ఉమా వాలేటి. అది ప్రమాదమే అనుకుంటే ఫ్లోరిడాలా అందరికీ నిషేధించాలి, దాన్నీ నేను ఒప్పుకోను గానీ అందులో కనీసం దాపరికం లేదు. ఇక రైతు సంగతంటారా, సోయాబీన్‌లో ఇల్లినాయ్‌తో నువ్వా నేనా అని పోటీపడేది అయోవానే. ఆ గింజ పందికి మేతగా వెళ్తే స్థానిక రైతు, మనిషి కంచంలోకి వెళ్తే పరాయివాడా?

ఇది చదువుతుంటే నాకు మధ్యప్రదేశ్ గుర్తొస్తోంది. 2015లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తోసిపుచ్చారు. పిల్లలు బక్కచిక్కిపోతున్న రాష్ట్రంలో! అక్కడ గుడ్డు వద్దన్నారు, అయోవాలో గుడ్డు కానిది వద్దంటున్నారు. వద్దనేవాళ్లెవరూ అంగన్‌వాడీలో తినరు, ఫుడ్ స్టాంపులతో సరుకులూ కొనరు. సొంత డబ్బుతో గుడ్డో, గుడ్డు కానిదో కొనుక్కునేవాడి వంటింట్లోకి ఈ రెండు చోట్లా ప్రభుత్వం తొంగిచూడలేదు. సాయం తీసుకునేవాడు మాత్రం పెట్టింది తిని నోరు మూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి మధ్యాహ్న భోజనంలో వారానికి 5 గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది, అది మంచి పని. ఇంకాస్త మంచి ఏర్పాటు కర్ణాటక బడుల్లో ఉంది. అక్కడ గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. ఏది కావాలో చెప్పేది పిల్లలే.