క్రాకో చూసి వెనక్కి రాకండి, ఆ రాత్రి అలియానోలో ఉండండి

మన తెలుగు సంఘాల ఇటలీ యాత్ర అంటే ఇన్నాళ్ళూ రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్. ఈ మధ్య దక్షిణం వైపు కూడా వెళ్తున్నారు, చాలా సంతోషం. బారీలో విమానం దిగడం, మతేరాలో రెండు రాత్రులు ఉండడం, మధ్యలో ఒక పూట కారులో క్రాకో వెళ్ళి పాడుబడ్డ ఊరిని ఫోటోలు తీసుకుని చీకటి పడేలోగా వచ్చేయడం. ఈ చివరి ముక్కనే మార్చుకోవాలని మా అభిప్రాయం. పాడుబడ్డ ఇల్లు చూసి అందులో సంసారం ఎలా సాగిందో చెప్పలేం. క్రాకో చూడాల్సిందే, కానీ దాని పక్కనే ఇంకా పొయ్యి వెలుగుతున్న ఊరు కూడా చూడాలి. అందుకు అలియానో సరైన ఊరు. రెండూ బసిలికాతా ప్రాంతంలో, మతేరా జిల్లాలోనే ఉన్నాయి.

ముందు క్రాకో సంగతి. సుమారు 390 మీటర్ల ఎత్తున, కొండ కొస మీద కట్టిన ఊరు. శిఖరాన నార్మన్ల కాలపు చదరపు బురుజు ఉంది. దాని కింద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు దిగుతాయి. చుట్టూ చెట్టూ చేమా లేని బూడిదరంగు మట్టిదిబ్బలు, వాన నీరు కోసిన గండ్లతో నిలువునా చీలిపోయి ఉంటాయి. వీటిని అక్కడ 'కలాంకి' అంటారు. మన రేగడి నేల తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, మళ్ళీ వాన పడితే ఆ నెర్రెల్లోంచి నీరు లోపలికి దిగి పెళ్ళలు పెళ్ళలుగా జారిపోతుంది. క్రాకోలో ఊరి కింద ఉన్నది అలాంటి బంకమట్టే. 1963లో కొండచరియ కదిలి ఇళ్ళు చీలిపోయాయి. ఊళ్ళో జరిగిన మురుగుకాలువల, నీటి పైపుల పనులు కూడా దానికి దోహదం చేశాయని చెబుతారు. జనాన్ని లోయలోని క్రాకో పెస్కియేరాకి తరలించారు. 1972లో వరదలు, 1980 నవంబరులో ఇర్పీనియా భూకంపం. ఆ తర్వాత పైన ఎవరూ మిగల్లేదు.

అసలు ఊరు ఖాళీ అవడం మాత్రం కొండచరియతో మొదలవలేదు. 1892కీ 1922కీ మధ్య ఇక్కడి నుంచి 1,300 మందికి పైగా ఉత్తర అమెరికాకి వలస వెళ్ళారు. గోధుమ మీదే ఎక్కువగా ఆధారపడ్డ నేల, అదీ సరిగా పండని ఏళ్ళు. న్యూయార్క్ చేరినవాళ్ళు ఊరి పేరున సంఘం పెట్టుకున్నారు, ఊరి సాధువు సాన్ విన్చెంత్సో పండుగ అక్కడే చేసుకున్నారు. పరాయి దేశంలో హాలు అద్దెకు తీసుకుని సంక్రాంతి, ఉగాది చేసుకునే మనకు ఆ పని విడమరిచి చెప్పక్కర్లేదు. మన పాఠకులు క్రాకో వెళ్ళాలనడానికి మాకు కనిపించే మొదటి కారణం ఇదే. సినిమాల్లో కనిపించిన ఊరు అన్నది ఆ తర్వాతి మాట.

క్రాకోలోకి ఎవరికి వాళ్ళు వెళ్ళే వీలు లేదు. చుట్టూ కంచె ఉంది. టికెట్టు కొనుక్కుని, తలకి హెల్మెట్ పెట్టుకుని, గైడు వెంట గుంపుగా నడవాలి. గుంపులు నిర్ణీత వేళల్లోనే బయల్దేరతాయి కాబట్టి ముందురోజే వేళ కనుక్కుని పేరు రాయించుకోండి. గట్టిగా వాన పడితే నడక ఆగిపోవచ్చు. వేళ్ళు మూసి ఉండే రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి, చెప్పులతో ఆ రాళ్ళ మీద నడవలేరు. లోపల నీడ ఉండదు, నీళ్ళు దొరకవు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు గుంపుతో వెళ్తే మనిషికి లీటరున్నర నీళ్ళు, టోపీ ఉండాలి. ఊరు మొత్తం ఒకే చూపులో కనిపించేది లోపల్నుంచి కాదు, కింది రోడ్డు నుంచి. ఫోటో కోసం మలుపులోనే కారు ఆపేస్తారు చాలామంది, అది ప్రమాదం. కాస్త ముందుకు వెళ్ళి వెడల్పు చోటు చూసి ఆపి, నడిచి రండి.

అక్కడి నుంచి అలియానో. మ్యాపులో దగ్గరే కనిపిస్తుంది, దారి మాత్రం గంట దాకా పడుతుంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మతేరా నుంచి క్రాకో 50 కిలోమీటర్ల పైచిలుకు, ఆ లెక్కన అన్నీ అలాగే ఉంటాయనుకుంటారు. జిల్లా రోడ్లు మెలికలు తిరుగుతూ అదే బంకమట్టి మీద నడుస్తాయి. వాన పడిన వారంలో ఎక్కడో ఒకచోట కుంగి ఉంటాయి. 'ఫ్రానా' అన్న బోర్డు కనిపిస్తే కొండచరియ జారిందని, 'స్ట్రాదా ఇంతెర్రోత్తా' అని ఉంటే దారి మూసేశారని అర్థం. ఫోన్‌లోని మ్యాపుకి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. బయల్దేరేముందు రాత్రి బస చేయబోయే ఇంటివాళ్ళకి ఫోన్ చేసి ఏ దారి తెరిచి ఉందో అడగడమే నయం. చిన్నపిల్లలకి, కడుపులో తిప్పే అలవాటున్న పెద్దవాళ్ళకి ముందు సీటు ఇవ్వండి.

రైలు మీద ఆశ పెట్టుకోకండి. ఈ ఊళ్ళు కొండల మీదకి ఎక్కిందే లోయల్లోని మలేరియాకి, బందిపోట్లకి, దాడులకి భయపడి. రైలు వచ్చేనాటికి పట్టాలు లోయలోనే పడ్డాయి. అందుకే స్టేషను పేరు చివర 'స్కాలో' అని ఉంటే ఊరు ఇంకా పైన, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క. గ్రస్సానో, గరగూసో, త్రికారికో అనే మూడు ఊళ్ళ పేర్లూ కలిపి పెట్టిన స్టేషను ఒకటుంది, దిగితే మూడింట్లో ఏదీ పక్కన ఉండదు. బస్సులు ఉన్నాయి కానీ అవి బడిపిల్లల కోసం, పనివాళ్ళ కోసం తెల్లవారుజామున బయల్దేరేవి. టైంటేబుల్లో 'ఫెరియాలె' అంటే సెలవురోజు అనుకుని మోసపోతారు. అది సోమవారం నుంచి శనివారం దాకా నడిచే బస్సు. ఆదివారానిది 'ఫెస్తీవో', దాని గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది.

కాబట్టి కారు అద్దెకు తీసుకోవాలి. ఇండియా లైసెన్సు, అమెరికా లైసెన్సు ఉన్నవాళ్ళు అంతర్జాతీయ పర్మిట్ వెంట తెచ్చుకోవాలి, ఇటలీ వచ్చాక అది ఇవ్వరు. ఆటోమేటిక్ గేరు కారు కావాలంటే వారాల ముందు చెప్పాలి. పెద్ద కారు తీసుకోవద్దు, ఊరి వీధుల్లో అద్దాలు గోడలకి రాసుకుంటాయి. అసలు ఊళ్ళోకి కారు తీసుకెళ్ళనే వద్దు. తెల్ల గీతలున్న చోట పార్కింగు ఉచితం, నీలం గీతలకి డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనవి కావు. మతేరా లాంటి పట్టణాల్లో పాత పేటల ముందు ఎర్రవలయంతో 'జెత్తా తీ ఎల్లె' (ZTL) బోర్డు ఉంటుంది, అంటే అనుమతి ఉన్న బళ్ళకే దారి అని. దాటితే కెమెరా నంబరు తీసుకుంటుంది. జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది, దాని పైన అద్దె కంపెనీ రుసుము వేరు.

అలియానో 500 మీటర్లు దాటిన ఎత్తున, రెండు పక్కలా లోతైన గండ్ల మధ్య సన్నగా సాగిన ఊరు. ఇంటి ముందుభాగమే మనిషి ముఖంలా కనిపించే ఇళ్ళు ఉన్నాయి, రెండు కిటికీలు కళ్ళు, మధ్యలో ముక్కు, కింద నోరు. తూరిన్ నుంచి వచ్చిన చిత్రకారుడు, వైద్యం చదివిన కార్లో లేవిని ఫాసిస్టు ప్రభుత్వం 1935లో ఈ ప్రాంతానికి నిర్బంధంగా పంపింది. మొదట గ్రస్సానోలో, తర్వాత అలియానోలో ఉంచారు. ఇక్కడి రైతుల పేదరికం, మలేరియా గురించి ఆయన రాసిన పుస్తకం 1945లో వచ్చి దేశాన్ని కదిలించింది. 1975లో పోయాక కోరుకున్నట్టే ఇక్కడి స్మశానంలో సమాధి చేశారు. ఆయన ఉన్న ఇల్లు చూడొచ్చు. తాళం వేసి ఉంటే తిరిగి వెళ్ళిపోకండి. ఇలాంటి ఊళ్ళలో ఇంటిదైనా గుడిదైనా తాళంచెవి ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. 'ప్రో లోకో' అనే స్థానిక సంఘం ఆఫీసులో అడగండి, లేదా బారులో కాఫీ తాగి అడగండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర, అయిదు దాకా దుకాణాలు మూసేస్తారు. రెండున్నర దాటాక భోజనం దొరకదు, రాత్రి ఏడున్నర లోపు వంట మొదలవదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు పగలే రొట్టె, పండ్లు కొని ఉంచుకోవాలి. మతేరా రొట్టె గట్టిగోధుమ పిండితో చేసింది, పైచెక్కు దళసరిగా ఉండి నాలుగు రోజులైనా పాడవదు. ఒక పెద్ద రొట్టె నలుగురికి రెండు పూటలు వస్తుంది.

తిండి విషయంలో మనవాళ్ళకి ఈ ప్రాంతమంత అనుకూలం ఇటలీలో మరొకటి లేదని గట్టిగా చెప్పగలం. ఇది పేదల వంట, మాంసం పండుగనాడే. 'ఫ్రిత్సూలి' అని సన్నని ఇనుప పుల్ల చుట్టూ చేత్తో తిప్పి చేసే పాస్తా ఉంది. దాని మీద వేయించిన రొట్టెపొడి, ఎండు ఎర్రమిరపకాయ ముక్కలు వేస్తారు. జున్ను కొనలేని ఇళ్ళలో రొట్టెపొడే జున్ను. ఆ మిరపకాయ సెనీసె ఊరిది. కారం ఉండదు, తోలు పల్చన, నీరు తక్కువ, అందుకే దండలు కట్టి వేలాడదీస్తే కుళ్ళకుండా ఎండుతుంది. 'పెపెరోని క్రుస్కి' అని అమ్ముతారు, దండ కొని తెచ్చుకోండి. వేయించే పద్ధతి మన ఊరమిరపకాయలు వేయించినవాళ్ళకి చేతికి తెలిసిందే, ఒక్క తేడాతో. కడగకూడదు, పొడిగుడ్డతో తుడవాలి. తొడిమ, గింజలు తీసేసి, ఆలివ్ నూనె పొగ రాకముందే వేసి, మూడు నాలుగు సెకన్లలో తిప్పి తీసేయాలి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. నూనెలో ఉండగానే కరకరలాడాలని చూస్తే నల్లబడి చేదెక్కుతాయి. వేడి అన్నం, పప్పు, నెయ్యి పక్కన ఇవి చాలా బాగుంటాయి.

శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 'మాంసం వద్దు' అంటే సరిపోదు, ఎందుకంటే చేప, పందికొవ్వు వాళ్ళ లెక్కలో మాంసం కాకపోవచ్చు. స్త్రుత్తో అంటే పందికొవ్వు, బ్రోదో అంటే మాంసం ఉడికించిన నీరు కావచ్చు, అచ్చూగె అంటే ఉప్పుచేప. ఈ మూడూ పేరుపేరునా వద్దని చెప్పాలి. రొట్టెపొడిలో ఉప్పుచేప కలపడం ఉంది. జున్ను గడ్డకట్టడానికి సాధారణంగా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, ఆ పట్టింపు ఉన్నవాళ్ళు పాస్తా మీద తురుము వేయవద్దనాలి. చిక్కుడు గింజల పప్పు, చేదు ఆకుకూర, శనగలు వేసిన పాస్తా నిశ్చింతగా తినొచ్చు, పైన పందిమాంసం ముక్క పడలేదని చూసుకుంటే చాలు.

తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అంటారని మన సభల్లో తరచూ వింటాం, రెండు భాషల మాటలూ అచ్చులతో ముగుస్తాయని. అలియానో బల్లల మీద కూర్చున్న ముసలివాళ్ళ మాట వింటే ఆ పోలిక నిలవదు. ఇక్కడి యాసలో చివరి అచ్చు దాదాపు మింగేస్తారు, క్రుస్కి కాస్తా 'క్రుస్క్' అవుతుంది. మన పిల్లలు నేర్చుకున్న బడి ఇటాలియన్ వాళ్ళకి అర్థమవుతుంది, జవాబు మాత్రం నిదానంగా చెప్పమని అడగాలి. ఎదురైన ప్రతి ఒక్కరికీ ముందు మనమే 'బువొన్‌జోర్నో', సాయంత్రమైతే 'బువొనసేరా' అనాలి. తలుపు తెరిచి ఉంది కదా అని ఇళ్ళ లోపలి ఫోటోలు తీయకూడదు.

యాత్రలు ఏర్పాటు చేసే కార్యవర్గాలకి మా సూచన ఇది. 50 సీట్ల బస్సుతో ఈ రోడ్లకి రావద్దు. 9 సీట్ల వ్యాన్లు మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు, అలా రెండు మూడు వ్యాన్లకి మించకుండా, ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల మధ్య రండి. ఏప్రిల్లో గోధుమ పచ్చగా, జూన్‌లో బంగారురంగులో ఉంటుంది, జూలై వచ్చేసరికి కోసేసిన బోడి నేల. అలియానోలో గదులు ఒకే కట్టడంలో ఉండవు, వీధికొకటి చొప్పున ఇళ్ళలో ఉంటాయి. వీసా కోసం బస కాగితం కావాలంటే చిన్న ఇళ్ళవాళ్ళని ముందే రాసిమ్మని అడగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం గది మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు మూడు సంగతులు అడగండి: కారు ఆగే చోటు నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు, లోపల మళ్ళీ ఎన్ని మెట్లు, స్నానాలగది పడకగది ఉన్న అంతస్తులోనే ఉందా. చక్రాల సూట్‌కేసులు కారులోనే వదిలి, ఒక రాత్రికి కావలసినవి, మందులు భుజం సంచిలో పెట్టుకుని పైకి నడవండి.