గీత పక్కన జనసమీకరణ

రెండు ఒకటి కంటే పెద్దది. ఈ సంగతి మనకు ఒకటో తరగతిలో పంతులుగారు ఉచితంగానే చెప్పారు. యూరప్‌లో మాత్రం ఇదే విషయాన్ని ఫుట్‌బాల్ ఆటగాళ్లకు చెప్పాలంటే యూఈఎఫ్‌ఏ, అంటే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఇచ్చే కోచింగ్ లైసెన్సు ఉండాలి. సీ, బీ, ఏ, ఆపైన ప్రో. మెట్టు ఎక్కినకొద్దీ రెండు ఎందుకు పెద్దదో లోతుగా తెలుస్తుంది. ప్రో దాకా వెళ్లినవాళ్లకు మూడు కూడా చూపిస్తారు.

ఈ విద్యను వింగ్‌లో, అంటే గ్రౌండ్ అంచున, ఓవర్‌లోడ్ చేయడం అంటారు. టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత, బంతి అది దాటితే బయటికి పోయినట్టే) పక్కన అవతలి జట్టువాడు ఒకడుంటే మనవాళ్లు ఇద్దరు, వాళ్లు ఇద్దరుంటే మనవాళ్లు ముగ్గురు చేరాలి. అంచున దాడి చేసే వింగర్ బంతితో డిఫెండర్‌కు ఎదురుగా వెళ్తాడు. అంచున కాపలా కాసే మన ఫుల్‌బ్యాక్ వెనక నుంచి వచ్చి బయటి వైపుగా దాటిపోతే ఓవర్‌లాప్, లోపలి వైపుగా దూరితే అండర్‌లాప్. డిఫెండర్ ఒక్కడే, కాపలా కాయాల్సిన దారులు రెండు. ఎటు కదిలినా తప్పు అతనిదే.

అయితే ఈ లెక్కలో చేర్చని మనిషి ఒకడున్నాడు: ఆ టచ్‌లైనే. జీతం అడగదు, అలసిపోదు, ఎల్లో కార్డు పడదు, ఎప్పుడూ డిఫెండర్ల పక్షమే. అంటే అంచున ఇద్దరు ఒకడి మీదికి వెళ్లినప్పుడు నిజానికి అక్కడున్నది ఇద్దరికి ఇద్దరు. ఒక సున్నపు గీతతో సరిసమానం కావడానికి మన ఫుల్‌బ్యాక్‌ను సగం గ్రౌండ్ పరిగెత్తించాం. అందుకే మూడోవాడు కావాలి. మిడ్‌ఫీల్డర్ వచ్చి కాస్త లోపలగా నిలబడి త్రికోణం పూర్తి చేయాలి. ఆ చోటును హాఫ్‌స్పేస్ అంటారు. పూర్వం అక్కడ గడ్డి మాత్రమే ఉండేది.

మూడోవాడూ చాలకపోతే? 2019లో ఇంగ్లండ్ జట్టు షెఫీల్డ్ యునైటెడ్ కోచ్‌గా ఉన్న క్రిస్ వైల్డర్ దగ్గర దీనికి జవాబుండేది. గోల్ ముందు కాపలా కాసే ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లలో అటూ ఇటూ ఉన్న ఇద్దరిని, అంటే క్రిస్ బాషమ్‌నూ జాక్ ఓకానెల్‌నూ, అంచుల వెంట ఆడే వింగ్‌బ్యాక్‌లను దాటించి ముందుకు పంపాడు. సొంత గోల్ దగ్గర ఉండాల్సిన మనిషి అవతలి కార్నర్ జెండా దగ్గర క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వేస్తుంటే, అతన్ని ఎవరు పట్టుకోవాలో ఎదుటివాళ్లకు తోచలేదు. ఆ ఏడాదే ఇంగ్లండ్ పై మెట్టయిన ప్రీమియర్ లీగ్‌కు ఎక్కిన ఆ జట్టు మొదటి సీజన్‌లోనే 9వ స్థానంలో నిలిచింది. తర్వాతి సీజన్‌లో ఓకానెల్ మోకాలు దెబ్బతింది, జట్టు 20వ స్థానంలో తేలింది. లీగ్‌లో ఉన్నవే 20 జట్లు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ ఈ వ్యాసానికి పనికొచ్చేది ఇదొక్కటే. డిఫెండర్ దాడికి వెళ్లలేకపోతే జట్టు ఎందుకు కూలుతుందని అడిగేవాళ్లకు శాస్త్రం మీద గౌరవం లేదు.

అంచున జనం చేరారు, బంతి వచ్చింది, ఇప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నను చాలామంది కోచ్‌లు తర్వాతి క్లాసుకు వాయిదా వేస్తారు. 2014 ఫిబ్రవరి 9న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో డేవిడ్ మోయెస్ నడిపిన మాంచెస్టర్ యునైటెడ్, పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్‌హామ్ బాక్స్‌లోకి, అంటే గోల్ ముందున్న గడిలోకి, 80కి పైగా క్రాస్‌లు వేసింది. దాదాపు నిమిషానికొకటి. ఫుల్‌హామ్ డిఫెండర్లకు తలతో బంతి కొట్టడంలో అంత మంచి ప్రాక్టీసు ఏ ట్రైనింగ్‌లోనూ దొరికి ఉండదు. చివర్లో యునైటెడ్ 2-1తో ముందుకు వెళ్లి ఊపిరి పీల్చుకుంటుండగా, 94వ నిమిషంలో డారెన్ బెంట్ స్కోరు సమం చేశాడు. ఆ వరదను తట్టుకున్న ఫుల్‌హామ్ కోచ్ రెనే మ్యూలెన్‌స్టీన్‌ను వారం తిరక్కుండానే తప్పించి కొత్తాయనను తెచ్చారు. మోయెస్ ఏప్రిల్ దాకా ఉన్నాడు. ఫుట్‌బాల్‌లో న్యాయం ఆలస్యమైనా ఇద్దరికీ అందుతుంది.

కోచ్‌లలో పెప్ గార్డియోలా సంగతి వేరు. జర్మనీ జట్టు బేయర్న్ మ్యూనిక్‌లో ఉండగా ట్రైనింగ్ గ్రౌండ్‌ను గీతలతో గళ్లుగా విడగొట్టి, ఒక అడ్డ వరుసలో ముగ్గురికి మించి, ఒక నిలువు వరుసలో ఇద్దరికి మించి ఉండకూడదన్నాడు. మన భాషలో ఒకప్పటి 144 సెక్షన్. అంచున గుంపు కావాలి, కానీ గుంపులో ఎవరూ ఒకరి నీడలో ఒకరు నిలబడకూడదు. మామూలు కోచ్‌లు ఇందులో మొదటి సగం విని లేచి వెళ్లిపోతారు.

వాళ్లు వెళ్లేది పిల్లల దగ్గరికి. నాలుగు కోన్‌లు, జట్లను గుర్తుపట్టడానికి రెండు రంగుల బిబ్‌లు (పైచొక్కాలు), టచ్‌లైన్ వెంట ఒక సన్నటి చానెల్. నియమం: బంతి ఆ చానెల్‌లో ఇద్దరి కాళ్లు తాకాకే గోల్ చెల్లుతుంది. పదేళ్ల పిల్లాడొకడు బంతి అందుకుని నేరుగా డిఫెండర్ మీదికి వెళ్తాడు. భుజం ఒకవైపు చూపించి రెండోవైపు దాటిపోయి గోల్ కొడతాడు. ఈల. గోల్ చెల్లదు. ఓవర్‌లాప్ ఇంకా రాలేదు కదా, స్నేహితుడి కోసం ఆగాలి కదా! వాడు ఈసారి ఆగుతాడు. డిఫెండర్ కూడా ఆగుతాడు. ఓవర్‌లాప్ తీరిగ్గా వస్తుంది, ఆలోగా ఇంకో డిఫెండర్ కూడా వస్తాడు. డిఫెండర్ మీదికి వెళ్లి, అతను కాలు ముందుకు వేసిన క్షణంలో బంతి వదలడం ఒక్కటే ఇందులో నేర్పాల్సింది. పిల్లాడు సగం పని తనంతట తానే చేశాడు. కానీ దాన్ని కోన్‌లతో చూపించడం కుదరదు, అందుకని సిలబస్‌లో లేదు.

ఇంత కష్టపడి జనాన్ని పోగుచేసేది అక్కడ గోల్ కొట్టడానికి కాదన్నది అసలు రహస్యం. 2017-18లో మాంచెస్టర్ సిటీ 100 పాయింట్లతో, 106 గోల్స్‌తో లీగ్ గెలిచింది. కుడివైపు వాకర్, డిబ్రూయిన్, స్టెర్లింగ్ చిన్న చిన్న పాస్‌లు ఇచ్చుకుంటూ ఉంటే అవతలి జట్టంతా అటే ఒరిగేది. 68 మీటర్ల వెడల్పున్న గ్రౌండ్‌లో ఇంకో చివర లెరాయ్ సానే గీత తొక్కుతూ ఒక్కడే నిలబడేవాడు. బంతి అటు పడేసరికి అతని ముందు ఒక్క డిఫెండర్, వెనక బోలెడంత ఖాళీ.

ప్రతి అకాడమీలోనూ అవతలి గీత దగ్గర గడ్డి పీకుతూ నిలబడే కుర్రాడు ఒకడుంటాడు. కోచ్ వాడిని "ఆట ఇక్కడ జరుగుతోంది, ఇటు రారా" అని కేకేస్తాడు. పిలవకూడదు. వాడిని అక్కడే ఉండనివ్వాలి. గడ్డి పీకడం మాత్రం మాన్పించి, అప్పుడప్పుడు బంతి వైపు చూడమంటే చాలు.