పదహారో రోజు రాని క్యాలెండరు

మన గోదావరి జిల్లాల్లో పెళ్లయిన పదహారో రోజున పండగ చేసుకుంటారు. ఉపాధి హామీలో పని అడిగిన పదహారో రోజు నుంచి నిరుద్యోగ భృతి లెక్క మొదలవ్వాలి. మొదటిది ఎవరాపినా ఆగదు. రెండోది మాత్రం మండలాఫీసు గోడ మీద వేలాడే క్యాలెండర్లో కనపడదు. పదిహేను తర్వాత మళ్లీ ఒకటో తేదీకి వెళ్లిపోయే ఆ క్యాలెండరును అచ్చేసిన మహానుభావుడెవరో కనుక్కుని శాలువా కప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2005 నాటి చట్టంలో ఏడో సెక్షన్ రాసినవాళ్లు పాపం అమాయకులు. దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో పని చూపించలేకపోతే మొదటి ముప్పై రోజులూ కూలి రేటులో పావు వంతుకి తగ్గకుండా, ఆ తర్వాత ఆర్థిక సంవత్సరం అయ్యేదాకా సగానికి తగ్గకుండా భృతి ఇవ్వాలన్నారు. 2025-26లో మన రాష్ట్రంలో కూలి రేటు 307 రూపాయలు. పావంటే 76 రూపాయల 75 పైసలు, ముప్పై రోజులకి 2,302 రూపాయల 50 పైసలు. ఆ యాభై పైసల దాకా కచ్చితంగా లెక్కగట్టే యంత్రాంగం మనది. ఆ లెక్క గట్టే అవసరమే రాకుండా చూసుకునే యంత్రాంగమూ మనదే.

దీని వెనకున్న ఆర్థికశాస్త్రం చిన్నది. ఆ 2005 చట్టం కింద కూలి డబ్బులు ఢిల్లీవి. భృతి డబ్బులు రాష్ట్రం సొంత జేబువి. కాబట్టి "మేం పని ఇవ్వలేకపోయాం" అని ఒక్క ముక్క ఒప్పుకుంటే జేబుకి చిల్లు. అలాగని భృతి ఇవ్వం అని ఎవరూ అనరు. అనడం మోటు పద్ధతి. కాదంటే కాగితం పుడుతుంది, కాగితానికి అప్పీలు పుడుతుంది. అసలు దరఖాస్తే పుట్టకపోతే ఈ సంతానం బాధే ఉండదు.

ఆ కుటుంబ నియంత్రణ ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఏప్రిల్ నెల, పదకొండు గంటలు. పని కోరే దరఖాస్తు, అదే ఫారం-6, రెండు కాపీలు పట్టుకుని ఒకావిడ బల్ల ముందు నిలబడింది. 

"బాబూ, రెండోదాని మీద ముట్టినట్టు రాసి తేదీ ఏసియ్యండి." 

"నీకు నా మీద నమ్మకం లేదా పిన్నీ? పని రాగానే నేనే కబురెడతాను కదా. ఎండలో ఎందుకొచ్చావు, ఇంటికెళ్లు." 

ఆయన గొంతులో కోపం లేదు, తిరస్కారం అంతకన్నా లేదు. మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ఇవ్వనిది ఆ ముట్టినట్టు ముక్క ఒక్కటే. పంచాయతీ అయినా మండలమైనా దరఖాస్తు తీసుకుని తేదీతో రశీదు ఇచ్చి తీరాలని చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. షెడ్యూలు ఆవిడ చేతిలో లేదు, పెన్ను ఆయన చేతిలో ఉంది.

తర్వాతి అంకం కంప్యూటర్ది. పని సిద్ధమై, మస్టరు (కూలీల హాజరు పట్టీ) తీయబోయే ముందు "డిమాండ్" ఎక్కిస్తారు. ఈరోజు అడిగారు, రేపు ఇచ్చారు! వెబ్‌సైటు తెరిచి చూడండి, ఆలస్యం సున్నా. నలభై రోజులు ఎదురు చూసిన మనిషి అక్కడ ఒక్క రాత్రి మాత్రమే ఎదురు చూస్తుంది. కాలాన్ని ఇంతలా కుదించడం ఋషులకే చెల్లిందనుకునేవాళ్లం.

డెల్టాలో ఈ విద్యకు ప్రకృతి సాయం కూడా ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలు యంత్రాలు పట్టుకుపోయాక, ఏప్రిల్లో కాలువలు కట్టేశాక, పని లేని కాలం మొదలవుతుంది. బోదెల్లో (చిన్న పంట కాలువల్లో) పూడిక తీయాలన్నా, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క లాగాలన్నా అదే అదను. జూన్ మొదట్లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు. అంటే అడిగిన పనిని ఆరేడు వారాలు నాన్చగలిగితే చాలు, మిగిలింది గోదారమ్మ చూసుకుంటుంది. కాలువలో నడుం లోతు నీళ్లుండగా పూడిక ఎవడు తీస్తాడండీ? కొండూళ్లలో ఉద్యోగం చేసేవాళ్లకి ఈ సౌకర్యం లేదు, పాపం.

కూలి డబ్బులు ఆలస్యమైతే మాత్రం చట్టం ఉదారంగా ఉంది. మస్టరు ముగిసిన పదహారో రోజు దాటితే రోజుకి 0.05 శాతం పరిహారం. ఇక్కడ పదహారో రోజుని ఒప్పుకున్నారు, ఎందుకంటే ధర గిట్టింది. ఆరు రోజుల కూలి 1,842 రూపాయల మీద రోజుకి తొంభై రెండు పైసలు, నెల ఆలస్యమైతే 27 రూపాయల 63 పైసలు. దాన్ని అడగడానికి ఆటోలో మండలానికి వెళ్లొస్తే పరిహారం అక్కడే చెల్లు. పైగా ఈ లెక్క ఎఫ్‌టీవో (డబ్బు బదిలీ ఉత్తర్వు) తయారయ్యేదాకా జరిగిన ఆలస్యానికే కట్టేవారు. ఆ తర్వాత ఢిల్లీలో నిద్రపోయిన రోజులు కూడా లెక్కలోవేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అన్నీ సరిపోయినా డబ్బు పడలేదంటే, ఆధార్ ఆఖరుసారి ఏ ఖాతాకి లింకయిందో చూసుకోవాలి. జాబ్ కార్డు మీదున్న ఖాతా కాదు, ఎప్పుడో ఎవరో తెరిపించి మర్చిపోయిన ఖాతాలో అది హాయిగా ఉంటుంది.

ఇక అప్పీళ్లు. ఫిర్యాదును రిజిస్టర్లో ఎక్కించి ఏడు రోజుల్లో తేల్చాలి. తేల్చాల్సింది ప్రోగ్రాం ఆఫీసరు, అంటే మన ఎంపీడీవో గారు. భృతి ఇవ్వాల్సిన కుర్చీ, ఎందుకివ్వలేదని అడగాల్సిన కుర్చీ ఒకటే కావడం వల్ల ఫైలు మోసే శ్రమ తగ్గింది. పైకి వెళ్దామంటే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలొచ్చాక రాజోలు వాళ్లు కాకినాడ దాకా వెళ్లక్కర్లేదు, అమలాపురం చాలు. మొగల్తూరు వాళ్లకి ఏలూరు బదులు భీమవరం. ఇచ్చిన అర్జీ విచారణ కోసం మళ్లీ అదే మండలాఫీసుకి దిగుతుంది. కొబ్బరికాయ ఎంత పైన కాసినా రాలేది చెట్టు మొదట్లోనే కదా. నాలుగు రోజులకి ఫోన్‌కి మెసేజీ వస్తుంది: పరిష్కరించబడింది. ఏం పరిష్కరించారన్నది ఆధ్యాత్మిక ప్రశ్న.

ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టే దుర్మార్గులు కూడా ఊరికొకరుంటారు. వాళ్ల పద్ధతులు చెప్తాను, జాగ్రత్తపడాలి. పది మంది పేర్లు, జాబ్ కార్డు నంబర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని కావాలో (పద్నాలుగు రోజులకి తగ్గకుండా) ఒకే కాగితం మీద రాస్తారు. బల్ల దగ్గర తీసుకోకపోతే నవ్వి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపేస్తారు. ఈ పోస్టాఫీసు వాళ్లకి లోకజ్ఞానం తక్కువ, ఏది కనపడితే దాని మీద తేదీ ముద్ర గుద్దేస్తారు. ఆ రుజువు చేతికొచ్చిందా, పదిహేను లెక్క మొదలైనట్టే. ఆనక సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండలంలో అయిదు రూపాయలు, తెల్లకార్డుంటే అదీ లేదు. "భృతి ఎందుకివ్వలేదు" అని అడిగితే చిటికెలో తోసెయ్యొచ్చు, "ఎందుకు" అనేది సమాచారం కాదు. కానీ వీళ్లు అలా అడగరు. డిమాండ్ రిజిస్టరు నకలు, మస్టరు మొదలైన తేదీ, ఇంతే అడుగుతారు. ముప్పై రోజుల్లో రాకపోతే మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోపు కమిషన్‌కి రెండోది. సామాజిక తనిఖీ గ్రామసభలో ఆ నకలు, పోస్టాఫీసు రుజువు పక్కపక్కన పెట్టి చదువుతారు. చాలా అసభ్యంగా ఉంటుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 రోజుల కొత్త చట్టం ఆమోదించింది. వ్యవసాయం ముమ్మరంగా ఉండే రోజుల్లో మొత్తం అరవై రోజుల దాకా పనులు ఆపుకునే వీలు అందులో పెట్టారు. పదిహేను రోజుల లెక్క అందులోనూ ఉంది. ముట్టినట్టు రాసే పెన్ను కొత్తదా పాతదా అన్నది బల్ల దగ్గరకెళ్లి చూడాలి.

ఏప్రిల్లో వెళ్లిన ఆవిడకి జవాబు రాకుండా పోలేదు. జూన్ రెండో వారంలో వచ్చింది: "కాలువలో నీరు ప్రవహించుచున్నందున తాము కోరిన పని కల్పించుటకు వీలుపడదు." దాని మీద మాత్రం తేదీ, నంబరు, గుండ్రటి ముద్ర మూడూ చక్కగా పడ్డాయి.