ఎర్ర తాళం బొమ్మగారికి కర్నూలు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ తాళం బొమ్మగారి సముఖమునకు,

కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర, మెడికల్ షాపు పైన మొదటి అంతస్తులో ఇళ్ళ ప్లాన్లు గీసుకుని బతికే ఇద్దరిలో ఒకడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం అని రాయాలి గానీ, అంత అబద్ధం చేతికి రావడం లేదు. తమరు మాత్రం క్షేమమే. సోమవారం పొద్దున మేము ప్లాన్లు గీసే అమెరికా సాఫ్ట్‌వేరు తెరిచినప్పటి నుంచీ తెర నడిమధ్య కదలకుండా కూర్చున్నారు. తమరి కాళ్ళ కింద రెండు వాక్యాలు: ఎగుమతి నిబంధనల ప్రకారం మీ ఖాతా నిలిపివేశాము, మీ సహనానికి ధన్యవాదాలు.

మాకు సహనం ఉందని తమకెవరు చెప్పారు సార్?

మేము ఎగుమతి చేసిందేమిటో తెలుసుకోవడానికే ఒక పూట పట్టింది. మా భాగస్వామి రజా భాయ్ వాళ్ళమ్మను తీసుకుని అమెరికా ఆంక్షలున్న ఇరాన్‌లోని మష్హద్‌కు జియారత్‌కు, అంటే పుణ్యస్థల యాత్రకు, వెళ్ళాడు. వాళ్ళది బనగానపల్లె. అక్కడ నవాబులే షియాలు, కాబట్టి ఆ ఊళ్ళో షియా కుటుంబాలు ఉండటం వింతేమీ కాదు. ఎనిమిదో ఇమామ్ సమాధి కళ్ళారా చూడాలని ఆమెకు పెళ్ళికి ముందు నుంచీ కోరిక. కొడుక్కి ఆ పేరే పెట్టుకుంది. సరే, దర్శనం అయింది, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, హోటల్‌కు వచ్చారు. అప్పుడు ఇక్కడ జొహరాపురంలో జరుగుతున్న పని దగ్గర్నుంచి మేస్త్రి వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. నేను పక్క వీధిలోనే ఉన్నాను, కానీ మా మేస్త్రికి రజా భాయ్ చెబితేనే చెవికెక్కుతుంది. "భాయ్, పోర్టికో పిల్లర్ తొమ్మిది పన్నెండా, తొమ్మిది పదహైదా?" రజా భాయ్ హోటల్ వైఫైతో ఫోన్‌లో మన ఖాతా తెరిచాడు, ప్లాను చూశాడు, "తొమ్మిది పదహైదు" అన్నాడు, మూసేశాడు.

ఇంతే సార్ మేము ఇరాన్‌కు చేసిన సాంకేతిక సహాయం. జొహరాపురం పోర్టికో పిల్లరు రహస్యం బయటికి పొక్కితే ప్రపంచ శాంతికి ఎంత ముప్పో మాకు తట్టలేదు, మన్నించగలరు.

తమరు మాత్రం వెంటనే పసిగట్టారు. పసిగట్టి రజా భాయ్ ఫోన్‌నా మూసింది? కాదు. ఆఫీసు ఖాతా మొత్తం మూశారు. కర్నూలు దాటి హైదరాబాదుకు మించి ఎక్కడికీ పోని నా కంప్యూటర్ మీదా తమరే ప్రత్యక్షం, డిప్లొమా అయిపోయి నెల కిందట చేరిన పిల్లాడి కంప్యూటర్ మీదా తమరే ప్రత్యక్షం. ఆ పిల్లాడు వైరస్ అనుకుని ఏడుపుముఖం పెట్టాడు.

ఇక్కడ కల్లూరు పెద్దాయన గురించి చెప్పాలి. రిటైరైన డబ్బుతో రెండు సెంట్ల మీద ఇల్లు మొదలుపెట్టుకుంటున్నాడు. ముగ్గు పోయడానికి గురువారం ముహూర్తం. ఆయనకూ ఆ పోర్టికోకూ సంబంధం లేదు, ఆయన ప్లానులో పోర్టికోయే లేదు. అయినా ఆయన ఇంటి ప్లాను కూడా తమరి దగ్గరే ఉండిపోయింది. విషయం చెబితే కుర్చీలో సర్దుకుని కూర్చుని అడిగాడు:

"అట్లయితే మా ఇంటి ప్లాను ఇరాన్‌లో చిక్కుకునిందా సారూ?"

"ఇరాన్‌లో కాదు పెద్దాయనా, అమెరికాలో."

"మనం కట్టేది కల్లూరులో కదా!"

దీనికి తమరి దగ్గర జవాబు ఉంటే దయచేసి తెలియజేయండి, ఆయనకు ఫోన్ చేసి చెబుతాను. రోజూ అడుగుతున్నాడు.

తమరి సాఫ్ట్‌వేరు తమరిది. ఇవ్వను అంటే మానుకుంటాం. ఒకప్పుడు సీడీ కొని తెచ్చుకుంటే ఏళ్ళ తరబడి దాని మానాన అది పనిచేసేది. దాన్ని మాన్పించి ఏడాదికింత అద్దె అన్నారు, డాలర్ పెరిగినప్పుడల్లా పెరిగే అద్దె, సరేనన్నాం. ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకుంటాను అన్నారు, ఈ ఊరి కరెంటుతో అదీ సరేనన్నాం. ఫైళ్ళన్నీ మా దగ్గర దాచుకోండి, భద్రం, అన్నారు. అక్కడే మా కొంప మునిగింది. అద్దె ఇంటి ఓనరు గొడవపడి తాళం వేస్తే, నలుగురు పెద్దమనుషులు వచ్చి సామానన్నా తీసుకోనీ అంటారు, ఓనరు గొణుక్కుంటూనే తాళం తీస్తాడు. తమరి వీధిలో ఆ నలుగురు ఎక్కడుంటారు? ఆ గోడలు, మెట్లు, కిటికీలు గీసింది మేము. వాస్తు సిద్ధాంతి వచ్చి వంటగది ఆగ్నేయానికి జరపమంటే జరిపింది మేము, ఇంటావిడ వచ్చి మళ్ళీ వెనక్కి జరపమంటే జరిపిందీ మేమే. అందులో తమరు గీసిన గీత ఒక్కటంటే ఒక్కటి లేదు. మరి మా గీతలు తమరి దగ్గర ఎందుకున్నాయి?

నా కంప్యూటర్‌లో పాత కాపీలు కొన్ని ఉన్నాయి. వాటిని తెరవడానికి కూడా తమరి లాగిన్ కావాలి. వేరే కంపెనీ సాఫ్ట్‌వేరులో తెరిస్తే గీతలు వచ్చాయి గానీ, తెలుగులో రాసుకున్న గదుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. పెద్దాయన తన పూజగది స్థానంలో ఆరు ప్రశ్నార్థకాలు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

తమరి ఉత్తరాలు అందినవి. ఎవరు రాస్తున్నారో తెలియదు. కింద సంతకం "కంప్లయన్స్ బృందం", అంటే నిబంధనలు చూసేవాళ్ళట. మొదటి ఉత్తరంలో మీరు మాకెంతో విలువైనవారు అన్నారు. రెండో దాంట్లో మీరు ఆంక్షలున్న దేశంలో నివసించడం లేదని రుజువు పంపండి అన్నారు. ఆధార్ పంపాం. నివాసానికి రుజువు కావాలన్నారు. కరెంటు బిల్లు పంపాం. రీడింగుకు వచ్చే అబ్బాయి చేతి మెషిన్లోంచి చించి ఇచ్చే ఆ పొడుగు చీటీయే మాకు కరెంటు బిల్లు. అది స్పష్టంగా లేదట, పూర్తి సైజు కాగితం మీద ఉన్నది పంపాలట. పంపాం, ఏదో తిప్పలు పడి. దానికి జవాబు: నిబంధనల రీత్యా ఈ విషయంలో ఇంతకు మించి వివరాలు ఇవ్వలేము, ఈ సంభాషణను ఇంతటితో ముగిస్తున్నాము, మా సేవ మీకెలా అనిపించిందో నక్షత్రాలతో తెలపండి.

కాళ్ళావేళ్ళా పడదామన్నా కాళ్ళూ వేళ్ళూ లేవు. మా మున్సిపల్ ఆఫీసు మీద వంద జోకులు వేసుకుంటాం, కానీ అక్కడ ఒక బల్ల ఉంటుంది, బల్ల వెనక ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి టీకి వెళ్తే ఎక్కడికి వెళ్తాడో మాకు తెలుసు. ఆ ఆఫీసును నేను మెచ్చుకునే రోజు వస్తుందనుకోలేదు.

తమరి వంశచరిత్ర కొంత చదివాను. కోపంతో నిద్రపట్టనివాడు చదవక ఏం చేస్తాడు? 2018 డిసెంబరులో ఆఫీసులవాళ్ళు మాట్లాడుకునే స్లాక్ యాప్ ఇలాగే చేసింది. ఎప్పుడో ఇరాన్ వెళ్ళొచ్చి కెనడాలోనో మరెక్కడో ఉంటున్నవాళ్ళ ఖాతాలు కూడా మూసేసి, గోల లేచాక తప్పయిందని చెప్పుకుంది. 2019 జులైలో ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ ఇరాన్, సిరియా, రష్యా ఆక్రమించిన క్రిమియాల్లో ప్రోగ్రాములు రాసుకునే కుర్రాళ్ళను వాళ్ళ సొంత ప్రైవేటు కోడ్ ముందే నిలబెట్టి తలుపేసింది. ఇరాన్ వాళ్ళకు మళ్ళీ పూర్తిగా తలుపు తీయడానికి అమెరికా ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకుని 2021 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. అదే 2019 అక్టోబరులో ఫోటోషాప్ అమ్మే అడోబీ వెనెజువెలా ఖాతాలన్నీ మూస్తాం, డబ్బు వాపసు ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధం అంది. ఈ చివరి మాట తెలివికి చెయ్యెత్తి దండం పెట్టాలి. తర్వాత డబ్బిస్తామన్నారు, ఆ తర్వాత లైసెన్సు దొరికిందని సేవలే కొనసాగించారు, అది వేరే కథ.

ఇరాన్ కుర్రాళ్ళ సంగతి తలుచుకుంటే మా బాధ బాధే కాదు. ఒక పక్క వాళ్ళ ప్రభుత్వమే యూట్యూబ్, టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్ మూసింది. ఇంకో పక్క నుంచి తమరు పాఠాలు, కోడ్, పనిముట్లు మూశారు. ఆంక్షలు వాళ్ళ ప్రభుత్వం మీదనట. ఆ ప్రభుత్వానికి కావలసింది ఏదో దారిన తెచ్చుకుంటుంది. ఆంక్షలను దాటడానికి డీఎన్ఎస్ అనే ఇంటర్నెట్ చిరునామాల అమరిక మార్చుకుంటూ రాత్రంతా కూర్చునేది ఇంజనీరింగ్ చదివే పిల్లలు. ఇంత చేసి, మామూలు మనుషులు మాట్లాడుకునే యాప్‌లు, సేవలు ఇరాన్‌వాళ్ళకు అందవచ్చని అమెరికా ఖజానా శాఖే 2013 నుంచి సాధారణ లైసెన్సులు ఇస్తూ వచ్చింది, 2022లో ఇంకా సడలించింది. ప్రభుత్వం గజం మేర కంచె వేస్తే కంపెనీలు భయపడి మైలు మేర వేసుకుంటాయి.

ఆ భయం ఎక్కడిదో కూడా చదివాను. జరిమానా. తెలిసి చేసినా తెలియక చేసినా జరిమానా. అదైనా ఎవరిని పట్టుకోలేకపోయినందుకు పడింది? ఆపిల్ సంస్థ స్లొవేనియాలోని ఒక కంపెనీ యాప్‌లను, ఆ కంపెనీ ఆంక్షల జాబితాలోకి ఎక్కిన తర్వాత కూడా, అమ్ముతూ పోయింది. జాబితాలో ఆ పేరులో కొన్ని చిన్నక్షరాలు, మధ్యలో చుక్కలు. ఆపిల్ రికార్డులో అన్నీ పెద్దక్షరాలు. కంప్యూటర్ ఈ రెండూ వేరనుకుంది. 2019లో 4,66,912 డాలర్లు కట్టారు. అమెజాన్ జల్లెడలో క్రిమియా అనే పేరు మొదటి అక్షరం మార్చి రాస్తే చాలు, జారిపోయింది. 2020లో 1,34,523 డాలర్లు కట్టారు. అంటే పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటేనని తెలియని ఈ కాపలావాడు, మష్హద్‌లో ఒక హోటల్ గదిలో వాళ్ళమ్మకు మందులిస్తూ పిల్లర్ కొలత చూసుకున్న మా రజా భాయ్‌ని మాత్రం క్షణంలో పట్టేశాడు! శభాష్.

మనకేం, మనది ఆంక్షలున్న దేశం కాదు కదా, అని మా కింద మెడికల్ షాపాయన ఓదార్చాడు. ఆయన స్కూటర్‌కు పెట్రోలు నయారా బంకులో కొట్టిస్తాడు. ఆ నయారా గుజరాత్‌లో రిఫైనరీ పెట్టిన భారతీయ కంపెనీ. అందులో 49 శాతం పైచిలుకు రష్యా వాళ్ళ రోస్‌నెఫ్ట్‌ది. 2025 జులైలో దాని మీద ఆంక్ష పెట్టింది యూరప్. దాని ఈమెయిళ్ళు ఆపింది అమెరికా కంపెనీ మైక్రోసాఫ్ట్. ఆగింది మన దేశంలో. వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కాక రోజుల్లోనే సేవలు తిరిగొచ్చాయి. వాళ్ళకు హైకోర్టు ఉంది. బళ్ళారి చౌరస్తా మొదటి అంతస్తుకు ఏ కోర్టు ఉంది?

అసలు మాకు ఇది కొత్తా? 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఇస్రో, డీఆర్‌డీవో, అణు పరిశోధన చేసే బార్క్ సంస్థలను అమెరికా తన ఎగుమతి ఆంక్షల జాబితాలోకి ఎక్కించింది. బార్క్ పేరు తీసింది 2025 జనవరిలో. అంతకు ముందు వాతావరణం చూసుకోవడానికి సూపర్ కంప్యూటర్ అడిగితే, పెద్దది వద్దు చిన్నది చాల్లే అని క్రే ఎక్స్-ఎంపీ అనే మోడల్‌లో తక్కువ రకం చేతిలో పెట్టింది. అప్పుడు మనవాళ్ళు సీ-డాక్ అనే సంస్థ పెట్టి 1991లో పరమ్ 8000 అనే సొంత సూపర్ కంప్యూటర్ చేసుకున్నారు, బాగుంది. అందుకని నన్ను కూడా సొంతంగా ఒక డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకోమంటావా? గురువారం లోపల?

ఇప్పటిదాకా తమరు అన్నాను, సార్ అన్నాను. ఇక నా వల్ల కాదు. చూడు తాళం బొమ్మా, నీ సాఫ్ట్‌వేరు నువ్వే ఉంచుకో. నీ అద్దె నీకు వద్దంటే మానెయ్. రజా భాయ్‌ను మాత్రం అనుమానం మనిషిని చేశావు చూడు, అది ఊరుకునేది కాదు. వాళ్ళమ్మ మష్హద్ నుంచి తెచ్చిన కుంకుమపువ్వు, బాదం అందరికీ పంచుతూ, "నా వల్ల మీ పనులు ఆగినాయంట కదా నాయనా" అని నన్ను అడిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, జన్మకొక్కసారి చేసిన యాత్ర, దానికి క్షమాపణ చెప్పుకుంటోంది. ఆమె చెప్పాలా క్షమాపణ? సిగ్గుండాలి! ఆ మాట విన్నాక నీ నక్షత్రాలన్నీ నీ ముఖాన కొట్టాలనిపించింది.

పెద్దాయన పని ఆగదులే. రజా భాయ్ అటక మీద నుంచి పాత డ్రాయింగ్ బోర్డు దించాడు. టీ-స్క్వేర్ ఒక అంచున విరిగింది గానీ పనిచేస్తుంది. ట్రేసింగ్ పేపరు కోసం ఊరంతా తిరిగితే పాత బస్టాండ్ దగ్గర ఒక స్టేషనరీ షాపులో దొరికింది, షాపాయన నన్ను వింతగా చూశాడు. డిప్లొమా పిల్లాడు జీవితంలో మొదటిసారి పెన్సిల్‌తో గోడ గీస్తున్నాడు, వంకరగానే వస్తోంది. మున్సిపాలిటీ ఆన్‌లైన్ పోర్టల్‌కు మాత్రం కంప్యూటర్ ఫైలే కావాలి. ఆ సంగతి ముగ్గు పోశాక చూసుకుంటాం. మా గీతలు మాకు పంపు. మేము అడిగేది అదొక్కటే.

ఇట్లు,
ఇరాన్ వెళ్ళని, వెళ్ళినవాడితో పొత్తు వదులుకోని,
కర్నూలు ప్లాన్లాయన

తా.క. ఈ ఉత్తరం రాస్తుండగానే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: వచ్చే ఏడాది అద్దె రేపు కార్డులోంచి కట్ అవుతుందట. ఖాతా మూసినా వసూలు మూయలేదన్నమాట. రజా భాయ్ కార్డే అది. ఆ డబ్బు తీసుకోవడానికి ఏ ఎగుమతి నిబంధనా అడ్డం రాలేదు. బ్యాంకుకు వెళ్ళి ఆ మ్యాండేట్ రద్దు చేయించాం. కౌంటర్‌లో అమ్మాయి ఎందుకు అని అడిగింది, చెప్పాం, పడీపడీ నవ్వింది, స్టాంపు కొట్టి ఇచ్చింది.