గ్రంథాలయ పీరియడ్ ఒక్కటే చాలదు

ఉన్నత పాఠశాల విద్యార్థులకు వారానికొక గ్రంథాలయ పీరియడ్ ఉంటే చాలునన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో, ఉపాధ్యాయుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: పిల్లలను బీరువా ముందు నిలబెట్టి చదువుకోమంటే చేతికందిన బొమ్మల పుస్తకం తీసుకుంటారే తప్ప, కావలసినది వెతకడం నేర్చుకోరు.

పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చి అరల్లో అమర్చే పద్ధతి అయిన, 1876లో వెలువడిన డ్యూయీ దశాంశ వర్గీకరణలో సాహిత్యానికి 800, చరిత్రకు 900 అని చెప్పి ఊరుకోకుండా, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర, ఒడియా సాహిత్యం 891.4 శ్రేణిలో ఎందుకు విడివిడిగా ఉంటాయని అడిగితే, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మా పిల్లలకు ద్రావిడ, ఇండో-ఆర్య భాషా కుటుంబాల తేడా కూడా ఆ అరల దగ్గరే బోధపడేది. దశాంశ బిందువు తరువాత 12 అనేది 9 కంటే ముందు వస్తుందని ఒప్పించడానికి మాత్రం లెక్కల మాస్టారి సాయం కావలసి వచ్చింది! విషయసూచిక, చివరి పదసూచి చూడడం ఒక్క పూటలో వచ్చేస్తుంది.

అసలు చిక్కు తాళాలది. పుస్తకం పోతే సొమ్ము తానే కట్టవలసి వస్తుందేమోనని ఉపాధ్యాయుడు బీరువా తెరవడు. పోయిన పుస్తకాలను లెక్క నుంచి తొలగించే సులువైన పద్ధతి ముందు కావాలి. పీరియడ్ ఆ తరువాత.