సవరణ: కవలల కదలికలు తగ్గితే ఆగకండి

కవలల గర్భంలో చివరి నెలల గురించి మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. "ఎనిమిదో నెల దాటాక లోపల చోటు చాలదు కాబట్టి కదలికలు తగ్గడం మామూలే" అన్నాను. అది నిజం కాదు. అది నమ్మి ఎవరైనా ఊరుకుని ఉంటారేమోనని నాకు నిద్ర పట్టలేదు. క్షమించండి.

చోటు ఇరుకైతే కదలిక తీరు మారుతుంది. ఇదివరకు డొక్కలో టక్కున తన్నిన బిడ్డ ఇప్పుడు మెల్లగా ఒత్తిగిలుతుంది, పొట్ట ఒక పక్కకు ఉబ్బినట్టు కనిపిస్తుంది. అంతేగానీ కదలడం మాత్రం ప్రసవం దాకా తగ్గకూడదు. పైగా కవలల్లో ఒకరు హుషారుగా ఉంటే, రెండోవారు నెమ్మదించిన సంగతి తెలియకుండా పోవచ్చు. అందుకే ఎవరు ఏ పక్కన ఉన్నారో స్కానింగ్ అప్పుడే అడిగి తెలుసుకోండి. ఎప్పటిలా లేదనిపిస్తే తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి. "40 వారాలు నిండాలి" అని కూడా రాశాను. అది ఒక్క బిడ్డ లెక్క. వేరే ఇబ్బందులు లేకపోతే, వేర్వేరు మాయలున్న కవలలకు సాధారణంగా 37-38 వారాల్లో, ఒకే మాయ పంచుకుంటే 36 వారాల ప్రాంతంలో, ఇద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉంటే 32-34 వారాలకే కాన్పు చేస్తారు. మాయ ఒకటా, రెండా అన్నది మీ మొదటి రిపోర్టుల్లో ఉంటుంది. డాక్టర్ తేదీ నిర్ణయించేది దాన్నిబట్టే.

30 వారాల ప్రాంతం నుంచి కవలల ఎదుగుదల ఒక్క బిడ్డతో పోలిస్తే కాస్త నెమ్మదిస్తుందన్న మాటలో మార్పు లేదు.