ఒక పెట్టె మీద ఇన్ని అబద్ధాలా?

నా బల్ల మీద ఒక పెట్టె ఉంది. ఎటు కొలిచినా 40 మిల్లీమీటర్లు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, ఇరవై నాలుగు లంబకోణాలు. దానికి ఏ వంకా పెట్టలేం. ఇంత నికార్సైన వస్తువు బొమ్మ గియ్యమంటే మాత్రం ఇంజనీర్లు తడుముకోకుండా అబద్ధాలాడుతున్నారని, బాగా ఆలోచించాకే, ఈ వ్యాసం ద్వారా లోకం దృష్టికి తెస్తున్నాను.

నిజం చెప్పే పద్ధతి లేదా అంటే ఉంది, ఆర్థోగ్రాఫిక్. ముందు నుంచి ఒక చూపు, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. కొలతకు కొలత, కోణానికి కోణం. దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణానికి పనికొచ్చే విద్య కదా అని ఫ్రెంచి సైన్యం దాన్ని ఏళ్ల తరబడి రహస్యంగా దాచింది. 18వ శతాబ్దం చివరికి గానీ బయటికి రానివ్వలేదు. అంత జాగ్రత్త అనవసరం. బయటికొచ్చి రెండు వందల ఏళ్లు దాటినా, ఆ మూడు చూపులూ ముందు పెడితే చాలామందికి అది ఇప్పటికీ రహస్యమే. నా పెట్టెకైతే మూడు చోట్లా అదే చతురస్రం వస్తుంది. అడిగిన ప్రతిసారీ ఒకే ముక్క అప్పజెప్పే సాక్షిని ఎవరు నమ్ముతారు?

కాబట్టి వస్తువును కళ్లకు కట్టాలన్నారు. కళ్లకు కట్టడానికీ కళ్లకు గంతలు కట్టడానికీ మధ్య తేడా ఒక్క మాటే.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. వస్తువుకూ చూసేవాడికీ ముడిపెట్టే పెళ్లిళ్ల పేరయ్యే ఐసోమెట్రిక్, అంటే మూడు ముఖాలనూ ఒకే బొమ్మలో చూపించే పద్ధతి. 1822లో కేంబ్రిడ్జి ప్రొఫెసరు విలియం ఫారిష్ దీనికి నియమాలు రాసిపెట్టాడు. ఆయన క్లాసులో చూపించే నమూనా యంత్రాలను పాఠం పాఠానికీ విప్పి మళ్లీ బిగించాలి. ఏ ముక్క ఎక్కడ పడుతుందో సహాయకులకు బొమ్మలో తెలియాలి. అంటే పుట్టుకలో దురుద్దేశం లేదు. ఆ మాట ఒప్పుకుంటాను.

ఇక జరిగింది చూడండి. పెట్టెను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, 35 డిగ్రీల 16 నిమిషాలు ముందుకు వంచుతారు. అలా తల వంచుకుని నిలబడ్డ పెట్టెకు మూడు ముఖాలు కనబడతాయి, లంబకోణం ఒక్కటీ కనబడదు. అన్నీ 60, లేకపోతే 120. ఎనిమిదో మూల సరిగ్గా మొదటి మూల వెనక నక్కుతుంది. చుట్టుగీత మాత్రమే చూస్తే అది షడ్భుజి. ఘనం కాస్తా నట్టు అయిపోయింది.

ఐసోమెట్రిక్ అంటే సమాన కొలత. మూడు వైపులా ఒకే లెక్కన, సుమారు 81.6 శాతానికి కుదిస్తారు. అన్యాయం అందరికీ సమానంగా జరిగితే దాన్నే సమానత్వం అంటారు కదా. అయితే ఆ 81.6 లెక్క వెయ్యడానికి ఎవరికీ ఓపిక లేదు. 'ఎలాగూ అబద్ధమే, 40కి 40 గీసెయ్' అన్నారు. దాంతో బొమ్మ ఉండాల్సినదానికంటే 22 శాతం పైగా పెద్దదైంది. దానికి ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్ బదులు ఐసోమెట్రిక్ డ్రాయింగ్ అని వేరే పేరు పెట్టి సర్దేశారు. తప్పుకు వేరే పేరు పెడితే అది పద్ధతి అవుతుంది.

అసలు దెబ్బ గోళానికి తగిలింది. గోళం ఎటు నుంచి చూసినా గుండ్రమే, దాని వ్యాసం దానిదే. ఎవరి ముందూ తల వంచక్కర్లేని ఏకైక వస్తువు. అయితే 22 శాతం ఉబ్బిన పెట్టె మీద గోళాన్ని కూర్చోబెడితే, పక్కవాడికి సరిపోవాలి గనక దాని వ్యాసాన్నీ 1.22 రెట్లు పెంచి గియ్యాలి. అబద్ధాలకోరుల పంక్తిలో నిజాయతీపరుడికి విస్తరి వెయ్యరు.

పెట్టెకు రంధ్రం పెడితే కథ ఇంకో మెట్టు దిగుతుంది. వృత్తం దీర్ఘవృత్తంగా కనబడుతుంది, అది సరే. కంపాస్‌తో దీర్ఘవృత్తం రాదు కాబట్టి నాలుగు కేంద్రాలు పట్టుకుని నాలుగు చాపాలు అతికిస్తారు. వృత్తానికి దీర్ఘవృత్తం వేషం, దీర్ఘవృత్తానికి చాపాల వేషం! ఇన్ని వేషాల కింద డ్రిల్లు దిగాల్సిన రంధ్రం ఒకటుందని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆబ్లిక్, అంటే లోతును ఏటవాలుగా గీసే పద్ధతి, మొహం మీద మర్యాదస్తుడు. ముందు ముఖం ఉన్నదున్నట్టు గీస్తుంది, వృత్తం వృత్తంగానే ఉంటుంది. మోసమంతా వెనక. అందులో కేవలియర్ రకం లోతును కూడా పూర్తి కొలతతో గీస్తుంది. చదువుకునే రోజుల్లో ఒకసారి అలాగే గీశాను, 45 డిగ్రీలు, 40కి 40. మాస్టారు చూసి 'ఇది పెట్టెనా, బెంచీనా?' అన్నారు. మర్నాడు లోతు సగానికి కోసి కేబినెట్ పద్ధతిలో చూపిస్తే 'ఇదీ పెట్టెంటే' అన్నారు. 40 గీస్తే తప్పు, 20 గీస్తే ఒప్పు. ఐసోమెట్రిక్‌కు డైమెట్రిక్ (రెండు వైపులకే ఒకే లెక్క), ట్రైమెట్రిక్ (మూడు వైపులకూ మూడు లెక్కలు) అని ఇంకో ఇద్దరు దాయాదులున్నారు గానీ, వాళ్ల లెక్కలకు ఓపికున్నవాళ్లను నేనింకా చూడలేదు.

ఆ బెంచీ రోజున నాకు కార్ల్ పోల్కే తెలిసుంటే బాగుండేది. ఒకే బిందువు నుంచి కాగితం మీద ఏవైనా మూడు గీతలు గియ్యండి, మూడూ ఒకే రేఖ మీద పడకపోతే చాలు, అవి ఏదో ఒక ఘనపు మూడు అంచుల సమాంతర ప్రొజెక్షనే (సమాంతర కిరణాలతో కాగితం మీద పడే నీడలాంటిది) అవుతాయని ఆ జర్మన్ జ్యామితి పండితుడు 1853లో కనిపెట్టాడు. అంటే చెయ్యి వణికి గీసిన పెట్టె కూడా పెట్టే. తేడా అంతా మాస్టారు నిలబడ్డ చోటులో ఉంది. ఈ సిద్ధాంతాన్ని మొదటి క్లాసులోనే ఎందుకు చెప్పరో ఇప్పుడు అర్థమైంది.

పర్స్పెక్టివ్ సంగతి తొందరగా ముగిస్తాను. ఇటలీ పండితుడు ఆల్బెర్టి 1435లోనే దీని గురించి రాశాడు. దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నదవుతుంది, సమాంతర రేఖలు ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఉన్నవాటిలో కంటికి దగ్గరగా ఉండేది ఇదే. సరిగ్గా అందుకే దీన్ని వర్క్‌షాపులోకి రానివ్వరు. దీని మీద స్కేలు పెడితే దగ్గరి అంచు ఒకటి చెబుతుంది, దూరపు అంచు ఇంకోటి చెబుతుంది. చివరికి బిల్డింగు కొనేవాడికి చూపించే రంగుల బొమ్మల దగ్గర కొలువు దొరికింది.

వీటన్నిటికీ ఐఎస్‌ఓ 5456 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, నాలుగు భాగాలు. మిగతా వృత్తులవాళ్లు అబద్ధం దొరికిపోతే మొహం చాటేస్తారు. వీళ్లు డిగ్రీలతో సహా అచ్చు వేయించారు.

కంప్యూటరొస్తే మారతారనుకున్నాను. ఇప్పుడు కంప్యూటర్లోని త్రీడీ మోడల్‌కు పెట్టె సంగతంతా తెలుసు, మౌస్‌తో ఎటంటే అటు తిరుగుతుంది. కాసేపు తిప్పి, అన్ని కోణాల్లోంచీ మురిసిపోయి, ప్రింట్ కొట్టే ముందు ఐసోమెట్రిక్ బటన్ నొక్కుతున్నారు.

నిన్న నా పెట్టె బొమ్మ ప్రింటు తీశాను. అందంగా వచ్చింది. నిజం పెట్టె కంటే పెట్టెలా ఉంది. షీటు కింది మూలన, భూతద్దం ఉంటే తప్ప కనబడని అక్షరాల్లో, 'ఈ బొమ్మను స్కేలుతో కొలవరాదు' అని ఉంది. ఫ్యాను గాలికి షీటు లేచిపోతుంటే దాని మీద నా పెట్టెనే బరువు పెట్టాను.